ఏ లోటుకు ఏ మాత్ర?



ఈ పాఠం ఒక సీసాతో మొదలైంది. ఆ సంగతి ముందు చెబుతాను.

ఒకరోజు రాత్రి బడి అయిపోయింది. అందరూ ఇళ్ళకు పోయారు. నేను పుస్తకాలు సర్దుకుంటున్నాను. ఒక అత్త మాత్రం పోకుండా నిలబడింది. కొంగు చాటు నుంచి ఒక సీసా తీసింది.

"టీచరమ్మా! ఇది బలం మందంట. తాగితే రక్తం పడుతుందంట. దీని మీద ఏం రాసుందో చూసి చెప్పమ్మా" అంది.

"ఎక్కడ కొన్నావు అత్తా?" అని అడిగాను.

"మోటారు బండి మీద ఒకాయన వచ్చినాడు. రెండు సీసాలు తీసుకున్నా. 700 రూపాయలు. పొదుపు సంఘంలో అప్పు తెచ్చి ఇచ్చినా" అంది.

"ఎవరి కోసం?"

"మా కోడలి కోసమే. దానికిప్పుడు ఐదో నెల. మొఖం పాలిపోయింది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. కానీ ఇంట్లో అందరూ తాగొచ్చు అన్నాడమ్మా. చిన్నపిల్ల కాడి నుంచి ముసలి వాళ్ళ దాకా ఒకటే మందంట. అందుకే నేను కూడా తాగుతున్నా. మా అమ్మకూ పోస్తున్నా. మనవరాలికీ పోస్తున్నా."

ఒకటే సీసా. తాగేది నలుగురు.

నేను సీసా తిప్పి చూశాను. అంతా ఇంగ్లీషు. చిన్న చిన్న అక్షరాలు. చదవగలిగాను గానీ అత్త అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. పిల్లలకు పాఠం ఎట్లా చెప్పాలో మాకు ట్రైనింగులో నేర్పారు. ఏ ఒంటికి ఏ మందు సరిపోతుందో నేర్పలేదు. తెలియనిది తెలిసినట్టు చెప్పడం తప్పు కదా!

"నాకు తెలియదు అత్తా. నర్సమ్మ ఊరికి వచ్చే రోజు అందరం పోయి అడుగుదాం. అందాకా తాగొద్దు" అన్నాను.

"మరి కోడలికి నర్సమ్మ ఇచ్చిన ఎర్ర మాత్రలు వేస్తున్నావా?" అని కూడా అడిగాను.

అత్త తల దించుకుంది. "అవి వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడంట. బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందంట. అందుకే పెట్టెలో పెట్టినా" అంది.

ఊరికే ఇచ్చిన మాత్రలు పెట్టెలో ఉన్నాయి. అప్పు చేసి కొన్న సీసా నోట్లోకి పోతోంది. మన ఊళ్ళల్లో చాలా ఇళ్ళల్లో ఇదే కథ. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

వేలి చివర ఒక చుక్క

నర్సమ్మ వచ్చిన రోజు ఆ ఇంటి నలుగురినీ వెంటబెట్టుకొని పోయాను. అత్త, కోడలు, మనవరాలు, అత్త వాళ్ళ అమ్మ. ఆ పెద్దావిడను మేమంతా అవ్వ అంటాం.

నర్సమ్మ సీసా చూసింది. నవ్వలేదు. కోప్పడలేదు. "ముందు రక్తం చూద్దాం. తర్వాత మందు మాట్లాడదాం" అంది.

వేలి చివర చిన్న సూదితో గుచ్చింది. ఒక్క చుక్క రక్తం తీసింది. చేతిలో పట్టేంత మిషనులో పెట్టింది. కాసేపటికి అంకెలు కనిపించాయి.

"మీరే చదవండి" అంది నర్సమ్మ.

అత్త వంగి చూసింది. "ఎనిమిది... చుక్క... నాలుగు" అని చదివింది. అది కోడలి అంకె. 8.4.

ఆ అంకె ఏమిటి? మన రక్తంలో హిమోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం ఉంటుంది. మనం పీల్చిన గాలిలోని ప్రాణవాయువును అది ఒళ్ళంతా మోసుకుపోతుంది. అది తగ్గితే ఒంటికి ప్రాణవాయువు చాలదు. అప్పుడు నీరసం వస్తుంది. ఆయాసం వస్తుంది. కళ్ళు తిరుగుతాయి. దీన్నే రక్తహీనత అంటారు.

100 మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ ఎన్ని గ్రాములు ఉందో ఆ అంకె చెబుతుంది.

మామూలు ఆడవాళ్ళకు 12 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి.

కడుపుతో ఉన్నవాళ్ళకు 11 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి.

కడుపుతో ఉండి 7 కంటే తగ్గితే చాలా ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి పోవాలి.

ఎందుకు ప్రమాదం? కాన్పులో ఎవరికైనా రక్తం పోతుంది. ముందే రక్తం తక్కువ ఉన్న తల్లి ఆ నష్టాన్ని తట్టుకోలేదు. తల్లి ప్రాణానికే ముప్పు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టవచ్చు. బరువు తక్కువగా పుట్టవచ్చు.

ఇది ఒక్క ఇంటి గొడవ కాదు. 2019-21లో దేశమంతా సర్వే చేశారు. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళకు రక్తం పరీక్ష చేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 100 మందిలో సుమారు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. తెలంగాణలో 100 మందిలో సుమారు 58 మందికి ఉంది. అంటే సగం కంటే ఎక్కువమంది.

ఆ రోజు నేనూ వేలు చాచాను. నాకు ఏం ఉంటుందిలే అనుకున్నాను. 10.4 వచ్చింది! పాఠం చెప్పే దాన్నే లెక్క తప్పాను. నాకు నెలసరి ఏడు రోజులు ఎక్కువగా అవుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగే అలవాటు. ఈ రెండూ కారణాలే అని తర్వాత డాక్టరు చెప్పారు.

ఒకే ఇల్లు - నాలుగు లోట్లు

ఇప్పుడు ఆ ఇంటి నలుగురి సంగతి చూద్దాం.

కోడలు: వయసు 22. ఐదో నెల. రక్తం 8.4. ఈమెకు ఇనుము తక్కువ. కడుపులో బిడ్డ పెరగడానికి కూడా ఇనుము కావాలి. ఫోలిక్ ఆమ్లం కూడా కావాలి. సర్కారు ఇచ్చే ఎర్ర మాత్రలో ఈ రెండూ ఉన్నాయి. 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం.

రక్తం సరిగ్గా ఉన్న గర్భిణి కూడా నాలుగో నెల నుంచి రోజుకు ఒక మాత్ర వేసుకోవాలి. 180 రోజులు వేసుకోవాలి. కాన్పు అయ్యాక ఇంకో 180 రోజులు వేసుకోవాలి. ఈ కోడలికి రక్తం తక్కువ కాబట్టి నర్సమ్మ రోజుకు రెండు వేసుకోమంది. నెల తర్వాత మళ్ళీ పరీక్షకు రమ్మంది.

కాల్షియం మాత్రలు కూడా ఇచ్చింది. రోజుకు రెండు. అవి బిడ్డ ఎముకలకు, తల్లి ఎముకలకు. తల్లికి బీపీ పెరిగి వచ్చే గండం తగ్గడానికి కూడా అవి సాయపడతాయి.

బిడ్డ నల్లగా పుడతాడన్న మాట నిజం కాదు. బిడ్డ రంగు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. మాత్ర నుంచి రాదు. మాత్ర వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. అది చూసి పుట్టిన భయం కావచ్చు. మిగిలిన ఇనుము బయటికి పోతుంది కాబట్టి అట్లా అవుతుంది. భయం లేదు. బిడ్డ లావైపోతాడన్నదీ నిజం కాదు.

మనవరాలు: వయసు 14. రక్తం 11.2. కొద్దిగా తక్కువ. ఎదిగే వయసు. నెలసరి మొదలైంది. ఈ వయసు పిల్లలకు బడిలోనూ అంగన్‌వాడీలోనూ నీలం మాత్ర ఇస్తారు. వారానికి ఒకటి. రక్తం తక్కువ ఉంది కాబట్టి ఈ పిల్లకు రోజూ వేసుకొనే మాత్రలు మూడు నెలలకు ఇచ్చారు. కడుపులో నులిపురుగులు ఉంటే ఎంత తిన్నా రక్తం పట్టదు. అందుకే నులిపురుగుల మాత్ర కూడా ఇచ్చారు. ఫిబ్రవరిలో, ఆగస్టులో బడుల్లో ఈ మాత్ర ఇస్తారు. పిల్లలను ఆ రోజు బడి మానిపించకండి.

అత్త: వయసు 52. రక్తం 12.6. సరిగ్గానే ఉంది! కానీ ఆమెకూ నీరసం. ఒళ్ళు బరువెక్కింది. ఎప్పుడూ నిద్ర. చలి ఓర్చుకోలేదు. రక్తం సరిపడా ఉంటే ఇనుము మాత్ర బలం ఇవ్వదు. మరి నీరసం ఎందుకు? నర్సమ్మ పెద్దాసుపత్రికి పంపింది. థైరాయిడ్ తక్కువ అని తేలింది. మెడ దగ్గర ఉండే చిన్న గ్రంథి అది. దానికి మందు వేరే. రోజూ పొద్దున పరగడుపున ఒక చిన్న మాత్ర. ఆమె బలం మందు పది సీసాలు తాగినా ఈ జబ్బు నయమయ్యేది కాదు.

డాక్టరు ఇంకో మాట చెప్పారు. థైరాయిడ్ మాత్రకూ, ఇనుము మాత్రకూ, కాల్షియం మాత్రకూ నాలుగు గంటల ఎడం ఉండాలి. లేకపోతే థైరాయిడ్ మాత్ర ఒంటికి పట్టదు.

అవ్వ: వయసు 70 దాటింది. నీసు ముట్టదు. పాలు కూడా తక్కువే. షుగరుకు ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటోంది. అరికాళ్ళు తిమ్మిర్లు. నాలుక మంట. ఈమెకు తక్కువైంది బి12 అనే విటమిన్. అది మాంసం, చేపలు, గుడ్లు, పాలల్లో ఉంటుంది. ఆకుకూరల్లో, గింజల్లో ఉండదు. మెట్‌ఫార్మిన్ చాలా ఏళ్ళు వాడితే కూడా బి12 తగ్గవచ్చు. అట్లా అని షుగరు మాత్ర సొంతంగా మానకూడదు. డాక్టరు అవ్వకు బి12 ఇంజెక్షన్లు రాశారు.

బి12 తక్కువైన మనిషికి ఒట్టి ఫోలిక్ ఆమ్లం మాత్రలే ఇస్తే ఏమవుతుంది? రక్తం కొంత బాగుపడినట్టు కనిపిస్తుంది. లోపల నరాలు మాత్రం చెడిపోతూనే ఉంటాయి. అందుకే లోటు తెలియకుండా మందు వేయకూడదు.

చూశారా! నలుగురికీ నీరసమే. నలుగురి లోటూ వేరు. నలుగురికీ ఒకటే సీసా ఎట్లా సరిపోతుంది? ఇంటికి నాలుగు తలుపులు ఉంటే నాలుగింటికీ ఒకటే తాళంచెవి పడుతుందా?

ఒక పాత కథ

లోటు కనిపెట్టడం అంత తేలిక కాదు. దీనికి ఒక నిజం కథ ఉంది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ మన దేశానికి వచ్చింది. బొంబాయిలో బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళను చూసింది. గర్భంతో ఉన్నవాళ్ళకు రక్తం బాగా తగ్గిపోయేది. చాలామంది చనిపోయేవారు. ఎందుకో ఎవరికీ తెలియదు.

ఆమె వాళ్ళు ఏం తింటున్నారో చూసింది. రక్తం పరీక్షించింది. ఇది తిండిలోని లోటే అని అనుమానించింది. పులియబెట్టడానికి వాడే ఈస్టు నుంచి తీసిన సారం ఇచ్చి చూసింది. రక్తం పెరిగింది! 1931లో ఆ సంగతి లోకానికి రాసి చెప్పింది.

ఆ సారంలో ఉన్నది ఏమిటో తెలియడానికి ఇంకా పదేళ్ళు పట్టింది. 1941లో పాలకూర జాతి ఆకుల నుంచి దాన్ని విడదీశారు. అదే ఫోలిక్ ఆమ్లం. లాటిన్ భాషలో ఫోలియం అంటే ఆకు. ఆకులో దొరికింది కాబట్టి ఆ పేరు.

ఈనాడు మన ఎర్ర మాత్రలో ఉన్న ఫోలిక్ ఆమ్లం వెనక ఆ బొంబాయి కూలి తల్లులు ఉన్నారు. ఆ మాత్రను పెట్టెలో పెట్టి మరచిపోవద్దు.

ఫోలిక్ ఆమ్లం గురించి ఇంకో ముఖ్యమైన మాట. బిడ్డ వెన్ను, మెదడు గర్భం వచ్చిన మొదటి నెలలోనే తయారవుతాయి. అప్పటికి చాలామందికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పటి నుంచే ఫోలిక్ ఆమ్లం మాత్ర మొదలుపెట్టాలి. మొదటి మూడు నెలలు అదే. ఇనుము మాత్ర నాలుగో నెల నుంచి.

మాత్ర వేసుకునే పద్ధతి

మాత్ర వేసుకుంటే చాలదు. అది ఒంటికి పట్టాలి.

టీ, కాఫీ, పాలతో ఇనుము మాత్ర వేసుకోకూడదు. అవి ఇనుమును పట్టనివ్వవు. అన్నానికి ముందు గంట, తర్వాత గంట టీ తాగొద్దు.

నిమ్మకాయ నీళ్ళతో వేసుకోవచ్చు. పులుపులోని విటమిన్ సి ఇనుమును బాగా పట్టిస్తుంది.

ఇనుము, కాల్షియం కలిపి వేసుకోకూడదు. కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నర్సమ్మ కోడలికి ఒక కాగితం మీద వేళలు రాసి ఇచ్చింది. పొద్దున 8 గంటలకు టిఫిను తిన్నాక కాల్షియం. 11 గంటలకు ఇనుము. మధ్యాహ్నం 2 గంటలకు అన్నం తిన్నాక కాల్షియం. రాత్రి 9 గంటలకు ఇనుము.

ఇనుము మాత్రతో కొందరికి కడుపులో తిప్పుతుంది. కొందరికి మలబద్ధకం వస్తుంది. అప్పుడు ఏం చేయాలి? మానేయకూడదు. ఏదైనా తిన్నాక వేసుకోవాలి. రాత్రి పడుకునే ముందు వేసుకుంటే వికారం అంతగా తెలియదు. నీళ్ళు ఎక్కువ తాగాలి. ఆకుకూరలు, పండ్లు తినాలి. అప్పటికీ తగ్గకపోతే నర్సమ్మకు చెప్పాలి.

నెల రోజులు సరిగ్గా వేసుకున్నా హిమోగ్లోబిన్ కనీసం 1 గ్రాము పెరగకపోతే డాక్టరుకు చూపించాలి. కారణం వేరే ఉండవచ్చు. కొందరికి పుట్టుకతోనే సికిల్ సెల్, తలసీమియా అనే రక్తపు జబ్బులు ఉంటాయి. సికిల్ సెల్ మన ఏజెన్సీ ఊళ్ళలో కనిపిస్తుంది. వాళ్ళకూ రక్తం తక్కువే. కానీ వాళ్ళు సొంతంగా ఇనుము మాత్రలు వేసుకోకూడదు. డాక్టరు చూసి చెప్పాలి.

ఎక్కువైతే మేలు కాదు

కూరలో ఉప్పు తక్కువైతే చప్పగా ఉంటుంది. ఎక్కువైతే నోట పెట్టలేం. మాత్రలూ అంతే.

విటమిన్ డి పొట్లాలు, బిళ్ళలు కొన్ని 60,000 యూనిట్లవి ఉంటాయి. డాక్టర్లు వాటిని ఎక్కువగా వారానికి ఒకటి చొప్పున రాస్తారు. అదీ కొన్ని వారాలే. కొందరు ఆ పాత చీటీతోనే నెలల తరబడి కొంటారు. రోజూ వేసుకునే వాళ్ళూ ఉన్నారు. అట్లా చేస్తే రక్తంలో కాల్షియం పెరిగిపోతుంది. మూత్రపిండాలు చెడిపోతాయి.

విటమిన్ ఎ కడుపుతో ఉన్నప్పుడు ఎక్కువైతే బిడ్డకు హాని.

మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చినవాళ్ళు డాక్టరును అడగకుండా కాల్షియం మాత్రలు కొనకూడదు.

ఇక ఇనుము మాత్రలు. చిన్నపిల్లలకు అవి విషం. ఎర్రగా మెరుస్తూ పిప్పరమెంటు బిళ్ళల్లా ఉంటాయి. పిల్లలు నాలుగైదు నోట్లో వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మాత్రలు ఎత్తులో పెట్టండి. తాళం వేసిన పెట్టె అయితే ఇంకా మంచిది. పిల్ల మింగిందని తెలిస్తే వాంతులు అయ్యేదాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. మాత్రల అట్ట కూడా వెంట తీసుకుపోండి.

సీసా మీద ఏం చూడాలి?

మనకు ఇంగ్లీషు రాకపోవచ్చు. అంకెలు వచ్చు కదా! అంకెలతోనే చాలా తెలుసుకోవచ్చు.

ఒకటి: గడువు తేదీ చూడండి. నెల, సంవత్సరం ఉంటాయి. గడువు దాటితే కొనొద్దు.

రెండు: ధర చూడండి. ముద్రించిన ధర కంటే ఎక్కువ ఇవ్వొద్దు. బిల్లు అడగండి.

మూడు: బలం పొడులు, బలం మందులు చాలావరకు మందుల కింద రావు. ఆహారం కింద వస్తాయి. వాటి మీద ఎఫ్ఎస్ఎస్ఎఐ అనే గుర్తు ఉండాలి. దాని కింద 14 అంకెల నంబరు ఉండాలి. వేలు పెట్టి లెక్కపెట్టండి.

నాలుగు: అట్లాంటి డబ్బాల మీద ఇంగ్లీషులో "నాట్ ఫర్ మెడిసినల్ యూజ్" అని రాయాలి. ఇది 2016 నాటి నిబంధన. దాని అర్థం ఏమిటంటే "ఇది జబ్బుకు మందు కాదు" అని. బడికి పోయే పిల్లలతో చదివించండి. అత్త తెచ్చిన సీసా మీద కూడా ఆ మాట ఉంది. చాలా చిన్న అక్షరాల్లో ఉంది. అమ్మినాయన మాత్రం పెద్ద గొంతుతో మందు అని చెప్పాడు.

ఐదు: పేరూ ఊరూ లేని పొడులు, భస్మాలు కొనొద్దు. అట్లాంటి కొన్నిట్లో సీసం, పాదరసం ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. అవి కడుపులో బిడ్డకు కూడా చేరతాయి.

ముందు తిండి

మాత్ర లోటు పూడుస్తుంది. మళ్ళీ లోటు రాకుండా చూసేది తిండి.

మన హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్నగా మొదలైంది. 1958లో హైదరాబాదుకు వచ్చింది. మనం ఏం తినాలో చెప్పడానికి 2024లో 17 సూత్రాలు ప్రకటించింది. రకరకాల తిండి తినమంది. కండ కోసం ప్రోటీను పొడులు తినొద్దంది.

బీట్‌రూటు, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం పడుతుందని అనుకుంటాం. పండ్లు మంచివే. కానీ రంగుకూ ఇనుముకూ సంబంధం లేదు. వాటిలో ఇనుము తక్కువ. ఉలవలు, శనగలు, నువ్వులు, సజ్జలు, తోటకూర మేలు. తినేవాళ్ళకు మాంసం, కార్జం, చేపలు ఇంకా బాగా పడతాయి. పప్పు, ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోండి. ఉసిరికాయ, జామకాయ తినండి.

ఎముకలకు రాగులు మంచివి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో దాదాపు ఏమీ ఉండదు. మన అవ్వలు తిన్న సంగటి ఊరికే తినలేదు.

ఇంకో మాట చెప్పాలి. మన ఇళ్ళల్లో అందరూ తిన్నాక ఆడది తింటుంది. అడుగున మిగిలింది తింటుంది. గుడ్డు మగపిల్లవాడికి, పులుసు ఆడపిల్లకు. అంగన్‌వాడీలో గర్భిణికి ఇచ్చిన గుడ్లు ఇంట్లో అందరూ పంచుకుంటారు. ఇట్లా జరిగితే ఎన్ని మాత్రలు మింగినా మళ్ళీ మొదటికే వస్తుంది. కడుపుతో ఉన్న కోడలి గిన్నెలో ముందు వడ్డించండి. అది గారాబం కాదు. ఆమెకూ బిడ్డకూ ప్రాణాధారం.

తర్వాత ఏమైంది?

నెల తిరిగింది. నర్సమ్మ మళ్ళీ వచ్చింది. కోడలి వేలు గుచ్చింది. ఈసారి అంకె కోడలే చదివింది. 9.6! రెండో నెల 10.5 అయ్యింది.

తల్లీబిడ్డల కార్డులో ఆ అంకెను అత్త తన చేత్తో రాస్తానంది. నర్సమ్మ పెన్ను ఇచ్చింది. అత్త చెయ్యి కొంచెం వణికింది. అంకె వంకరగా వచ్చింది. కానీ తప్పు రాలేదు.

ఆ ఇంటి గోడకు ఒక క్యాలెండరు ఉంది. కోడలు మాత్ర వేసుకున్న రోజు అత్త దాని మీద ఒక గీత పెడుతుంది. గీత లేని రోజు ఇంట్లో గొడవే!

సంఘంలో తెచ్చిన 700 రూపాయల అప్పు మాత్రం ఇంకా తీరుతూనే ఉంది. "చదువు ఇంకొక్క నెల ముందు వచ్చి ఉంటే ఆ డబ్బులు మిగిలేవి టీచరమ్మా" అంది అత్త.

నేనూ టీ వేళ మార్చుకున్నాను. డాక్టరు చెప్పిన మాత్రలు వేసుకుంటున్నాను. పోయినసారి నాకు 11.7 వచ్చింది. 12 దాటాక మీకు చెబుతాను.

గుర్తుంచుకుందాం

నీరసానికి కారణాలు చాలా ఉన్నాయి. ముందు పరీక్ష. తర్వాతే మాత్ర.

ఒకరికి రాసిన మాత్ర ఇంకొకరు వేసుకోకూడదు.

ఇంతకు ముందు నుంచి వాడే మందులు ఉంటే డాక్టరుకు, నర్సమ్మకు తప్పక చెప్పాలి.

ఇనుము మాత్రలు సబ్ సెంటరులో ఊరికే ఇస్తారు. అడిగి తీసుకోవాలి.

మాత్రలు పిల్లలకు అందకుండా పెట్టాలి.

కొత్త మాటలు

రక్తహీనత - రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువగా ఉండడం
లోటు - ఉండవలసిన దానికంటే తక్కువ ఉండడం
గర్భిణి - కడుపుతో ఉన్న ఆడమనిషి
పరగడుపు - ఏమీ తినక ముందు
గడువు తేదీ - ఆ తేదీ దాటాక వాడకూడదు

ప్రశ్నలు

1. అత్తకు నీరసం ఉంది. మరి ఇనుము మాత్ర ఎందుకు ఇవ్వలేదు?
2. గర్భిణికి హిమోగ్లోబిన్ ఎంత ఉండాలి? ఎంత కంటే తగ్గితే వెంటనే ఆసుపత్రికి పోవాలి?
3. ఇనుము మాత్రను దేనితో వేసుకోకూడదు? దేనితో వేసుకోవచ్చు?
4. బి12 ఏ తిండిలో ఉంటుంది?
5. మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడతాడని ఎవరైనా అంటే మీరు ఏం చెబుతారు?

చేసి చూద్దాం

1. నర్సమ్మ వచ్చే రోజు మీ హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. ఇక్కడ రాయండి.
నా పేరు ............ తేదీ ............ నా హిమోగ్లోబిన్ ............

2. మీ ఇంట్లో ఉన్న మందులన్నీ బయటికి తీయండి. గడువు తేదీలు చదవండి. దాటినవి పక్కన పెట్టండి.

3. లెక్క: అత్త సీసాలకు 700 రూపాయలు పెట్టింది. మీ ఊళ్ళో ఒక గుడ్డు ధర ఎంత? 700 రూపాయలకు ఎన్ని గుడ్లు వస్తాయి? రోజుకు ఒకటి తింటే ఎన్ని రోజులు వస్తాయి?

4. ఈ పాఠాన్ని ఇంకా చదవడం రాని ఒక అక్కకు చదివి వినిపించండి.